పేదఱికమును లెక్కించిన శ్రీమంతుడు

1886వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున లండను నగరమునందు పనిలేని కూలివారు గొప్ప సభ జరిపి, అక్కడనుండి గుంపులుగా బయలుదేరి, పాల్‌మాల్ వీథిలోని ధనికుల క్లబ్బుల అద్దములను రాళ్లతో పగులగొట్టిరి. అంతవఱకు మందకొడిగా సాగుచుండిన లార్డు మేయరుగారి సహాయనిధి ఆ తరువాత కొలది దినములలోనే ఉప్పొంగెను. దయవలన రాని ద్రవ్యము భయమువలన వచ్చెను. ఆనాడు లండను ప్రపంచములోని మహానగరములలో ప్రథమగణ్యము. భూగోళపు నలుదిక్కులనుండి వచ్చు సరకులు దాని రేవులలో దిగుచుండెను. మన దేశపు తేయాకును, గోనెనారయు, నీలిమందును వానిలో ఉండెను. ఆ సరకులను వీపులపై మోసి ఒడ్డునకు చేర్చు మనుష్యులు మాత్రము ఆ రేవులకు కూతవేటు దూరముననే, గాలి వెలుతురు సోకని ఇఱుకు గదులలో, అర్ధాకలితో కాలము గడుపుచుండిరి.

ఈ వైపరీత్యమునుగూర్చి ఎవరికి తోచినట్లు వారు మాటలాడుచుండిరి. పాదరులును పత్రికావిలేఖరులును పేటలలోని దైన్యమును ఒడలు గగుర్పొడుచునట్లు వర్ణించుచుండిరి. 1883లో వెలువడిన ఒక చిన్న కరపత్రము ఇంగ్లండునంతను కలవరపెట్టెను. సామ్యవాదులు లండను శ్రామికులలో నాలుగవవంతు దుర్భర దారిద్ర్యమున ఉన్నారని వాదించుచుండిరి. కలవారిలో పెక్కుమంది, దరిద్రులు త్రాగుబోతులు, సోమరులు, తమ దుర్గతికి తామే కారకులు అని చెప్పి ఊరకుండిరి. వాదములకు కొఱత లేదు. లెక్క మాత్రము ఎవరియొద్దను లేదు. ఆ లెక్క తీయుటకు పూనుకొన్నవాడు సామ్యవాది కాడు, సన్న్యాసి కాడు, సర్కారు ఉద్యోగి కాడు. పొగయోడలు నడుపు ఒక వర్తకుడు. ఆయన పేరు చార్లెస్ బూత్. ముక్తిఫౌజు స్థాపకుడైన విలియం బూత్ పేరు తెలుగుదేశమున చాలమంది ఎఱుగుదురు. ఆయన వేఱు, ఈయన వేఱు.

చార్లెస్ బూత్ 1840 మార్చి 30వ తేదీన లివర్‌పూలు పట్టణమున జన్మించెను. తండ్రి ధాన్యవర్తకుడు. వారిది యూనిటేరియను శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబము. చదువు ముగియగానే బూత్ ఒక ఓడల కంపెనీలో చేరి పని నేర్చుకొనెను. 1860లో తండ్రి మరణించిన పిమ్మట అన్నయగు ఆల్‌ఫ్రెడ్‌తో కలసి తోళ్లవర్తకము ప్రారంభించెను. 1866 మొదలు ఆ సోదరులు బ్రెజిలు దేశపు ఉత్తరతీరమునకు పొగయోడలు నడపి క్రమముగా గొప్ప ధనవంతులైరి. వర్తకమున బూత్‌కు ఒక అలవాటు కలదు. చేతికి వచ్చిన ప్రతి అంకెను దాని మూలమువఱకు వెదకి, సరిచూచి, అటుపిమ్మటనే నమ్మువాడు. లోకమునకు ఆయన చేసిన ఉపకారమంతయు ఈ అలవాటునుండియే పుట్టినది.

1865లో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో ఆయన లిబరలు పక్షమువారికొఱకు ఓట్లడుగుటకై లివర్‌పూలులోని టాక్స్‌టెత్ పేటలో ఇంటింటికి తిరిగెను. ఆ ఎన్నికలో ఆయన పక్షము గెలువలేదు. కాని తాను పుట్టి పెరిగిన పట్టణములోనే తానెన్నడును చూడని మఱియొక పట్టణము కలదని ఆయనకు తెలిసెను. మనము ఓట్లకొఱకు పేదవాడల గడప త్రొక్కుట, ఓట్లు పడిన వెంటనే ఆ త్రోవ మఱచుట సర్వత్ర కనుపించు మర్యాద. బూత్ ఆ త్రోవను మఱవలేదు.

1871లో ఆయన మేరీ మెకాలే యను విదుషిని వివాహమాడెను. 1835లో మన దేశమున ఇంగ్లీషు చదువునకు పునాదివేసిన మెకాలే ప్రభువునకు ఆమె తమ్ముని కుమార్తె. తరువాతి కాలమున భర్త రచనలను చదివి, దిద్ది, వానికి రూపమిచ్చుటలో ఆమె చేసిన సాయము చిన్నది కాదు. 1873లో బూత్ ఆరోగ్యము చెడెను. భార్యాభర్తలు కొంతకాలము స్విట్జర్లండులో నివసించి, 1875లో లండనునకు వచ్చి కాపురమేర్పఱచుకొనిరి.

క్లబ్బుల అద్దములు పగిలిన రెండు మాసములకు, అనగా 1886 ఏప్రిలులో, బూత్ తన విచారణకు ఏర్పాట్లు ప్రారంభించెను. ప్రభుత్వము ఆయనను కోరలేదు, ఒక్క కాసు ఇయ్యలేదు. వ్యయమంతయు ఆయన సొంతము. పగలు ఓడల వ్యవహారము, దాని తరువాత పేదల లెక్క. ఈ విధముగా సుమారు 17 సంవత్సరములు గడచెను. దానికి ఫలము లండను ప్రజల జీవనమును, శ్రమమును గూర్చిన గ్రంథము. 1889లో మొదటి సంపుటము వెలువడెను. 1902, 1903 సంవత్సరములలో వచ్చిన కడపటి ముద్రణము 17 సంపుటములకు పెరిగెను.

ఆయన అవలంబించిన పద్ధతి మన పురప్రముఖులు గమనింపదగినది. 1870 విద్యాశాసనము వచ్చిన తరువాత, బడికి రావలసిన పిల్లలను కనిపెట్టుటకు స్కూలుబోర్డువారు కొందఱు ఉద్యోగులను నియమించిరి. వారు ఏండ్లతరబడి ఒకే పేటలో ఇల్లిల్లు తిరుగువారు. ఏ గదిలో ఎవరున్నారో, తండ్రి యే పని చేయునో, బిడ్డలెందఱో వారికి తెలియును. బూత్ ఈ ఉద్యోగులను పిలిపించి, గంటలకొలది కూర్చుండబెట్టి, వీథి తరువాత వీథి, ఇంటి తరువాత ఇల్లు అడిగి వ్రాసికొనెను. వారు చెప్పినదానిని జనాభా లెక్కలతోను, పోలీసువారు, పాదరులు, బీదలకు సాయమిచ్చు అధికారులు చెప్పినదానితోను పోల్చి చూచెను. బియాట్రిస్ పాటర్, క్లారా కాలెట్, హ్యూబర్ట్ లూయెలిన్ స్మిత్ మొదలగు యువతీయువకులు ఆయనకు సహాయులైరి. జనమును ఎనిమిది తరగతులుగా విభజించిరి. వారమునకు 18 మొదలు 21 షిల్లింగుల నిలుకడైన రాబడిగల మోస్తరు కుటుంబమును ఆయన పేద కుటుంబమనెను. అంతకు తగ్గినవారు అతిదరిద్రులు. నేడు ప్రభుత్వములన్నియు చెప్పుచుండు దారిద్ర్యరేఖ యను భావమునకు మూలములలో ఇది యొకటి.

లెక్క తేలిన తరువాత అందఱును దిగ్భ్రమ చెందిరి. సుమారు 9 లక్షల జనముగల తూర్పు లండనులో నూటికి 35 మంది పేదఱికమున ఉండిరి. మురికిపేటలు తూర్పుననే యున్నవి గదా, తక్కిన నగరము సుఖముగనే యుండునని కొందఱు ఊఱట చెందిరి. బూత్ తక్కిన నగరమును కూడ లెక్కించెను. మొత్తము లండనులో నూటికి 30.7 మంది, అనగా సుమారు 13 లక్షల జనము, పేదలని తేలెను. సామ్యవాదులు చెప్పినది అతిశయోక్తి కాదు, తక్కువ అంచనా. ప్రపంచమున మిక్కిలి ధనవంతమైన నగరములో ప్రతి పదిమందిలో ముగ్గురికి కడుపునిండ కూడు, ఒడలునిండ గుడ్డ నిలుకడగా లేవు. మఱియొక వింత. ఏ జనమును తలచుకొని ధనికులు రాత్రులు తలుపులు గట్టిగా బిగించుకొనుచుండిరో, ఆ అల్లరిమూకలును నేరగాండ్రును గల అట్టడుగు తరగతివారు నూటికి ఒక్కరుకూడ లేరు. మిగిలినవారందఱును కష్టపడి బ్రదుకువారు, లేక కష్టపడుటకు పని దొరకనివారు.

అంతకంటె ముఖ్యమైనది కారణముల లెక్క. బూత్ సుమారు 4,000 కుటుంబముల చరిత్రలను తీసి, ఏ యింట పేదఱికము ఏలవచ్చెనో విచారించెను. మిక్కిలి దరిద్రులలో నూటికి 55 కుటుంబములకు కారణము పని: నిలుకడలేని పని, చాలని కూలి. నూటికి 27 ఇండ్లలో రోగము, పెద్ద సంసారము మొదలగు స్థితిగతులు. త్రాగుడు మొదలగు దురలవాట్లు కారణమైనవి 14. కేవలము సోమరులు నలుగురు. వారికంటె పైమెట్టుననున్న పేదలలో పనికి సంబంధించిన కారణము 68కి పెరిగెను. దరిద్రుని దుర్గుణమే దారిద్ర్యమునకు మూలమని పెక్కేండ్లుగా చెప్పబడుచున్న మాట ఈ విధముగా ఒక వర్తకుని లెక్కలపుస్తకములో తేలిపోయెను. దోషము ఒక్క మనుష్యునిదైనచో శిక్షయో, నీతిబోధయో చాలును. దోషము పని యేర్పాటులోనిదైనచో, ఆ యేర్పాటువలన లాభము పొందు ప్రతివాడును దానికి బాధ్యుడగును.

రేవుకూలీల సంగతియే ఇందుకు ప్రబలనిదర్శనము. ప్రతిదినము తెల్లవాఱుటకు ముందే వేలకొలది జనము రేవుల గేటులముందర మూగుచుండిరి. మేస్త్రీ వచ్చి, ఆ దినమునకు కావలసినవారిని చేయిచూపి పిలుచును. ముందు నిలువవలెనని ఒకరినొకరు త్రోసికొందురు. పిలుపు రానివాడు వట్టిచేతులతో ఇంటికి పోవలసినదే. వచ్చినవానికిని ఆ పని ఒక గంటయో, రెండు గంటలో. ఓడ రాక గాలిని, వర్తకమును బట్టి యుండును గనుక, కంపెనీలకు ఎప్పుడును మిగులు జనము గేటువద్ద సిద్ధముగా ఉండుట లాభము. ఆ లాభమునకు కావలసిన మూల్యము కూలివాని ఇంటిలో ఆకలి రూపమున చెల్లుచుండెను. బూత్ మొదటి సంపుటము వెలువడిన 1889వ సంవత్సరముననే, ఆగష్టు మాసమున, రేవుకూలీలు సమ్మెకట్టి, సుమారు అయిదు వారములు నిలిచి, గంటకు ఆఱు పెన్నీల కూలి సాధించుకొనిరి. తూర్పు లండను సంగతి అప్పటికే లెక్కలతో అచ్చుపడి యుండుటచే, వారి కోరిక అన్యాయమనుట అందఱికిని సులభము కాలేదు.

అంకెలను చదువుటకు ఓపికలేనివారికొఱకు బూత్ పటములు గీయించెను. నగరములోని ప్రతివీథికిని అందలి జనుల స్థితినిబట్టి ఒక రంగు వేయించెను. నలుపు అట్టడుగువారిది, ముదురు నీలము, లేత నీలము దరిద్రులవి, పేదలును కొంచెము కలవారును కలసియున్న వీథులకు ఊదారంగు, ఆపైన గులాబి, ఎఱుపు, మహాధనికుల వీథులకు పసుపు. ఆ పటమును చూచినవానికి ఒక సంగతి వెంటనే కంటబడెను. పసుపును నీలమును దూరదూరముగా లేవు. పెద్దవీథి ఎఱుపు, దాని వెనుక సందు నీలము, ఆ సందు చివరనున్న మూల నలుపు. కలవారి బండ్లు తోలువారు, బట్టలుదుకువారు, సామానులు మోయువారు ఆ వెనుకసందులలోనే యున్నారు. మనకు దగ్గఱలో పేదలు లేరని చెప్పుకొనుటకు ఇక ఎవరికిని వీలులేకపోయెను.

బూత్ అంకెలతోనే తృప్తిపడలేదు. తానెవరో చెప్పక, తూర్పు లండనులోని శ్రామికుల ఇండ్లలో గది అద్దెకు తీసికొని, వారములతరబడి వారితో కలసి నివసించెను. వారు తినునదియే తినెను. ఆ యిండ్లలో ఆయనకు దైన్యము మాత్రమే కనబడలేదు. తల్లుల ఓర్పు, పొరుగువారి సాయము, పిల్లల ఆటపాటలు, పని దొరకిన దినమున ఇల్లంతయు వెలుగు సంతోషము కూడ కనబడెను. దరిద్రులు తనవంటి మనుష్యులేయని పుస్తకములో చదువుట వేఱు, వారి బల్లచెంత కూర్చుండి తెలిసికొనుట వేఱు.

ఈ విచారణలో ఆయన హృదయమును మిక్కిలి కలచినది వృద్ధుల దుర్దశ. బ్రదుకంతయు పనిచేసినవాడు చేతులుడిగిన నాడు దరిద్రశాలకు పోవలసిన గతి ఆ దేశమున ఉండెను. 1834 చట్టము ఆ శాలలను ఎవడును ఇష్టపడి చేరకుండునట్లు కఠినముగా ఏర్పఱచినది. 65 ఏండ్లు దాటినవారిలో నూటికి దాదాపు 30 మంది ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బీదసాయమునకు చేయిచాపవలసినవారే. 1891లో బూత్ ఒక సూచన చేసెను: 65 ఏండ్లు నిండిన ప్రతివానికిని, ధనికుడని బీదయని చూడక, వారమునకు 5 షిల్లింగులు ప్రభుత్వ ద్రవ్యమునుండి ఇయ్యవలెను. అందఱికిని ఇచ్చినపుడు తీసికొనువాడు బిచ్చగాడు కాడు. అది వానికి హక్కు. ఈ సూచనను విని మితవ్యయవాదులు నవ్విరి, ధర్మసంస్థలవారు కోపించిరి. ఆయన 17 సంవత్సరములు వ్రాసెను, మాటలాడెను, లెక్కలు చూపెను. శ్రామిక సంఘములు ఆ కోరికను తమదిగా చేసికొని దేశమంతట వినిపించెను. 1908లో శాసనమాయెను. 1909 జనవరి 1వ తేదీన మొదటి పింఛనులు చెల్లించబడెను. 70 ఏండ్లు నిండిన పేదలకు మాత్రమే పరిమితమగుటచే అది ఆయన కోరినదానికంటె తక్కువ. అయినను ఆనాడు తపాలా కచేరీల ముందర నిలిచిన ముదుసళ్లకు అది చాల గొప్ప. మన దేశమున కేంద్రప్రభుత్వము దిక్కులేని వృద్ధులకు జాతీయ పింఛను పథకమును 1995లో నెలకు 75 రూపాయలతో ప్రారంభించినది.

మహనీయుల చరిత్ర వ్రాయునపుడు లోపములను మఱుగుపఱచుట భక్తి కావచ్చును గాని సత్యము కాదు. బూత్ అట్టడుగు తరగతివారినిగూర్చి కఠినముగా వ్రాసెను. వారి స్వభావమే అట్టిదని తలచెను. వారికి కొంచెము పైనున్న అతిదరిద్రులను నగరమునుండి తీసి, ప్రభుత్వపు నిర్బంధముక్రింద వేఱు పనివాడలలో ఉంచవలెనని సూచించెను. మనుష్యులను లెక్కించువాడు వారిని సామానువలె సర్దవచ్చునని భ్రమపడుట కలదు. ఆ భ్రమ ఆయనకును తప్పలేదు. మఱియొకటి. ఆయన పొగయోడలు అమెజాను నదీప్రాంతములనుండి రబ్బరు మోసికొని వచ్చుచుండెను. ఆ అడవులలో రబ్బరుపాలు తీయు కూలివారు తీఱని అప్పులలో చిక్కి బానిసలవలె బ్రదుకుచుండిరి. లండను వీథులన్నింటికి రంగులు వేసిన పటము ఆ అడవులవఱకు సాగలేదు. తన సంపద యెక్కడనుండి వచ్చుచున్నదో ఆ కొసవఱకు చూచుట, ఎంత నిజాయితీపరునికైనను దుష్కరమని దీనివలన మనము గ్రహింపవలెను.

ఆయన చూపిన త్రోవ మాత్రము ఆయనకంటె విశాలమైనది. 1895లో అమెరికాలోని షికాగో నగరమున జేన్ ఆడమ్స్ ఆశ్రమమువారు తమ పేటకు అటువంటి రంగుపటములు గీసిరి. 1901లో సీబం రౌన్‌ట్రీ యార్కు పట్టణమును పరిశీలించి అక్కడ నూటికి దాదాపు 28 మంది పేదలని ప్రకటించెను. పేదఱికము లండనునకే పరిమితమను మాటకు అంతటితో తావు లేకపోయెను. బూత్‌కు గౌరవములు వచ్చెను. 1899లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1904లో ప్రీవీకౌన్సిలు సభ్యత్వము లభించెను. ఆయన 1916 నవంబరు 23వ తేదీన లీస్టరుషైరులోని తన గృహమున మరణించెను. ఆయన వ్రాయించిన నోటుపుస్తకములు నాలుగువందలకు పైబడి నేటికిని లండను ఆర్థికశాస్త్ర కళాశాలలో భద్రముగా ఉన్నవి.

బూత్ లండను పేదలను లెక్కించుచుండిన ఆ దినములలోనే, ఆ నగరముననే, మన దాదాభాయి నౌరోజీ మన దేశపు పేదఱికమునుగూర్చి తాను తీసిన లెక్కలను ఇంగ్లీషువారియెదుట పెట్టుచుండెను. హిందూదేశములో మనుష్యునికి ఏడాది రాబడి 20 రూపాయలని, అది జైలులోని ఖైదీ పోషణకగు వ్యయముకంటె తక్కువని ఆయన 1876 నాటికే చూపియుండెను. 1892లో ఆయన సెంట్రల్ ఫిన్స్‌బరీ నుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. ఆ నియోజకవర్గపు వీథులును బూత్ పటములో రంగులు పూసికొన్నవే. ఒకరు తన నగరపు సంపన్నులను, మఱియొకరు పరాయి ప్రభుత్వమును లెక్కలతోనే నిలదీసిరి.

పరాయి ప్రభుత్వము 1947లో పోయినది. ఇప్పుడు లెక్క అడుగవలసినది మనము, చెప్పవలసినదియు మనమే. 2011 జనాభా లెక్కలలో అవిభక్త ఆంధ్రప్రదేశపు పట్టణవాసులలో మూడవవంతునకు మించినవారు మురికివాడలలో ఉన్నట్లు తేలెను. ఆ సంఖ్య ఒక కోటికి పైబడినది. మురికివాడ వాసియగు ప్రతివాడును దరిద్రుడని కాదు గాని, ఇంతటి సంఖ్యను చూచి ఊరకుండుట తగదు. హైదరాబాదులోగాని, విజయవాడలోగాని తెల్లవాఱుజామున కూలి అడ్డాకు పోయి చూడుడు. తట్టయు పాఱయు చేతబట్టి, మేస్త్రీ చేయిచూపునా యని చూచుచు నిలిచిన స్త్రీపురుషులు కనుపింతురు. లండను రేవుగేటు అచ్చముగా అదియే. వారిలో అనేకులు మన పల్లెలలో పొలముపని దొరకక వచ్చినవారు. వారు కట్టిన ఇండ్లలో పట్టణవాసియు, వారు విడిచిన ఊళ్లలో భూస్వామియు సుఖముగా ఉన్నారు. కనుక ఇద్దఱికిని ఇందు పాలు కలదు.

పండుగనాడు అన్నము పెట్టుట, చలికాలమున దుప్పట్లు పంచుట మంచిపనులే. ఎవరును వానిని మానవలదు. కాని ఆ దానముతో మన బాధ్యత తీఱెననుకొనుట అద్దములు పగిలిననాడు నిధికి చందావేసిన ధనికుల తృప్తివంటిది. ప్రతి పురపాలక సంఘము తన పేటలలో వీథివీథికి ఎందఱికి నిలుకడైన పనియున్నదో, ఎందఱు వృద్ధులకు పింఛను అందుచున్నదో, ఎన్ని యిండ్లకు నీరున్నదో లెక్కతీసి, ఆ పటమును కచేరీ గోడపై అందఱికిని కనబడునట్లు వ్రేలాడదీయవలెను. పన్నుచెల్లించు ప్రతి గృహస్థుడును దానిని అడుగుటకు హక్కుగలవాడు. అంతకుముందుగా ప్రతివాడును చేయగల చిన్నపని యొకటి కలదు. తన యింటి వెనుకసందు పేరేమో, అందు నివసించువారెవరో, వారికి నిన్న పని దొరకినదో లేదో తెలిసికొనుట. బూత్ మొదట చేసినదియు అంతే.